గరిక మీద ఒక పొద్దు

గోల్ఫ్ ఆడొచ్చానని చెబితే మా డిపార్ట్‌మెంట్‌లో అందరూ నవ్వారు. "నీ టాపిక్ కలుపు పాటలు కదే!" అంది ఓ స్నేహితురాలు. ఎగతాళికే అంది గానీ, నాకు ఆ మాట దగ్గరే మొదలుపెట్టాల్సి వస్తోంది.

అవును, నా పిహెచ్.డి. కలుపు పాటల మీదే. పాలమూరు ప్రాంతంలో నాట్లేసేటప్పుడు, కలుపు తీసేటప్పుడు ఆడవాళ్ళు పాడుకునే పాటల్ని ఐదేళ్ళు తిరిగి సేకరించి, మూడు వందల పైచిలుకు పేజీలు రాశాను. గోల్ఫ్ మాత్రం ఇంకో స్నేహితురాలి అత్తగారి పుణ్యం. ఆవిడ బ్యాంకు ఆఫీసరుగా రిటైరయ్యారు. మోకాళ్ళకి నడక మంచిదని డాక్టరు చెబితే, "ఊరికే నడవడం నావల్ల కాదు" అని అరవై దాటాక గోల్ఫ్ నేర్చుకున్నారు. నేను ఆంటీ అంటాను. మెడనొప్పితో కంప్యూటర్ ముందు ముడుచుకుపోయిన నన్ను చూసి జాలిపడి, నాలుగు నెలల పాటు ఆదివారాలు బంతులు కొట్టి సాధన చేసే రేంజికి తీసుకెళ్ళారు. ఆగస్టు చివర్లో "ఇక్కడ చాలు, అసలు కోర్సు మీదికి రా" అని గెస్టుగా గోల్కొండకి తీసుకెళ్ళారు.

నయాఖిలా చాలామంది చూసి ఉండరు. గోల్కొండకి వచ్చినవాళ్ళు బాలాహిస్సార్ ఎక్కి, చప్పట్లు కొట్టి, దిగి వెళ్ళిపోతారు. 1656లో ఔరంగజేబు సైన్యం మొదటిసారి మీదికొచ్చి వెళ్ళాక, అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో కోటకి ఈశాన్యాన కలిపి కట్టిన భాగం ఇది. లోపల దక్కనీ కవి ముల్లా ఖయాలీ పేరుతో ఓ చిన్న మసీదు ఉంది. హతియాన్ కా ఝాడ్ అని పిలిచే బావొబాబ్ చెట్టుంది. ఆఫ్రికా నుంచి వచ్చిన చెట్టు, నాలుగు వందల ఏళ్ళదంటారు. మొదలు చుట్టుకొలత సుమారు 27 మీటర్లు. దాని చర్మం నిజంగానే ఏనుగు చర్మంలా ముడతలు పడి ఉంటుంది. ఆ కోటగోడల మధ్యే గోల్ఫ్ కోర్సు. రాత్రి వాన పడింది. ఆరింటికి మేం వెళ్ళేసరికి పచ్చిక మీద ఆవిరి లేస్తోంది, నల్లని బురుజుల కింద నెమలి అరుస్తోంది. అందం గురించి అనుమానం పడాలని చదువుకున్నదాన్నే. అయినా కాసేపు నోట మాట రాలేదు.

గోల్ఫ్ పుట్టింది స్కాట్లండ్ సముద్రతీరపు ఇసుక నేలల మీద. వాటిని లింక్స్ అంటారు. చెట్లుండవు, గాలీ ఇసుకదిబ్బలూ ముతకగడ్డీ అంతే. సముద్రానికి దూరంగా, లోపలి నేలల్లో చెట్లూ పచ్చికా నీటి మడుగులూ అమర్చి చేసిన వాటిని పార్క్‌లాండ్ కోర్సులంటారు. ఈ పార్కు మన పబ్లిక్ గార్డెన్స్ లాంటిది కాదు. ఇంగ్లీషు దొర బంగళా చుట్టూ ఉండే పార్కు. 18వ శతాబ్దంలో 'కేపబిలిటీ' బ్రౌన్, ఆయన తర్వాత హంఫ్రీ రెప్టన్ అలాంటి పార్కులు తీర్చిదిద్దడంలో పేరుపొందారు. ఎమ్.ఏ.లో జేన్ ఆస్టిన్ 'మాన్స్‌ఫీల్డ్ పార్క్' చదివినప్పుడు రెప్టన్ పేరు తగిలింది. ఎస్టేటుని ఎలా బాగుచేయించాలా అని అందరూ మాట్లాడుకుంటుంటే, చెట్ల వరస కొట్టేస్తారేమోనని ఫానీ ఒక్కతే బాధపడుతుంది. ఆ బాధ గురించి పరీక్షలో పది మార్కులకి రాశాను. ఆ పచ్చికని కోసేదెవరని మాత్రం అడగలేదు. దొర కిటికీలోంచి చూస్తే పచ్చిక కనబడాలి, పని కనబడకూడదు. డార్సెట్‌లో మిల్టన్ అబ్బస్ దొర అయితే తన బంగళా పక్కనున్న ఊరినే లేపేయించి, కనబడనంత దూరంలో కొత్త ఊరు కట్టించాడు. పశువులు పచ్చిక మీదికి రాకుండా 'హా హా' అనే కందకం తవ్వించేవారు. దగ్గరికి పోయేదాకా అది ఉన్నట్టే తెలీదు.

ఇవన్నీ ఆ ఉదయం నాకు గుర్తొచ్చాయని చెబితే అబద్ధమే అవుతుంది. అప్పుడు నా బుర్రలో ఉన్నది ఒకటే: బంతి తగలాలి.

మొదట కొట్టే చోటుని టీ అంటారు. ఆడవాళ్ళకి కాస్త ముందుకి, ఎర్ర గుర్తులతో వేరే టీ. లేడీస్ టీ అనే మాట ఇంకా పోలేదు. మా సంచులు మోసే కేడీ కుర్రాడు గోల్కొండ బస్తీవాడే. నేను కర్ర ఎత్తినప్పుడల్లా "సర్ నీచే, మేడమ్. బాల్ కో దేఖో" అనేవాడు. తల దించే ఉంచాలి, బంతి వెళ్ళిపోయాక కూడా. ఆడపిల్లగా పాతికేళ్ళు విన్న మాటని డబ్బులిచ్చి మరీ వింటున్నానని ఆంటీతో అంటే, "తల దించు, భుజాలు మాత్రం దించకు. అదే తేడా" అన్నారు.

భుజాల గొడవ ఈ ఆటలో పాతదే. 1867లో సెయింట్ ఆండ్రూస్‌లో ఆడవాళ్ళకంటూ క్లబ్బు పెట్టినప్పుడు అది పుటింగ్‌కి మాత్రమే, అంటే గుంట దగ్గర బంతిని మెల్లగా నెట్టడం వరకే. 1890లో వచ్చిన ఓ పేరున్న గోల్ఫ్ పుస్తకంలో లార్డ్ వెల్‌వుడ్ అనే పెద్దమనిషి దానికి కారణం కూడా చెప్పాడు. ఆడవాళ్ళకి దూరం కొట్టే శక్తి లేదని కాదట, అంత దూరం కొట్టాలంటే కర్ర భుజం దాటి పైకి లేపాలి, ఆ దుస్తుల్లో అది చూడ్డానికి బాగుండదట. మా నాన్నమ్మ "చేతులూపుకుంట నడవకు" అనేది. వెల్‌వుడ్ దొరకీ మా నాన్నమ్మకీ ఇంత చుట్టరికం ఉందని నాకిప్పుడే తెలిసింది.

అంతకంటే ఎనభై ఏళ్ళ ముందే ఎడిన్‌బరో పక్కన మసెల్‌బరోలో చేపలమ్ముకునే స్త్రీలు గోల్ఫ్ ఆడేవాళ్ళు. 1810 డిసెంబరు నాటి అక్కడి క్లబ్బు మినిట్స్‌లో వాళ్ళ పోటీ ప్రస్తావన ఉంది. బాగా ఆడినామెకి బహుమతి ఓ కొత్త చేపల బుట్ట, శాలువా, పైన రెండు బార్సిలోనా పట్టు రుమాళ్ళు. ఆ బుట్ట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పనిచేసే ఆడదానికి ఆటలో గెలిచినా మళ్ళీ మోయడానికి బుట్టే ఇస్తారు! కానీ వాళ్ళ భుజాల గురించి ఎవరూ బెంగపడలేదు. నాజూకు కాపాడాలనే చింత దొరసానుల విషయంలోనే. 1913లో ఓటుహక్కు కోసం పోరాడుతున్న స్త్రీలు రాత్రిళ్ళు వెళ్ళి గోల్ఫ్ కోర్సుల గ్రీన్ల మీద యాసిడ్‌తో 'స్త్రీలకు ఓటు' అని రాశారు. గడ్డి మాడి అక్షరాలు తేలాయి. స్త్రీల రచనల చరిత్రలో ఆ అక్షరాల్ని కూడా లెక్కెయ్యాలని నా కోరిక.

అన్నట్టు, తలుపులు ఎంత ఆలస్యంగా తెరుచుకున్నాయో చూడండి. అమెరికాలో అగస్టా నేషనల్ ఇద్దరు స్త్రీలని మొదటిసారి సభ్యులుగా తీసుకున్నది 2012లో. సెయింట్ ఆండ్రూస్‌లోని రాయల్ అండ్ ఏన్షెంట్ క్లబ్బు స్త్రీల సభ్యత్వానికి ఓటేసింది 2014లో. టోక్యో ఒలింపిక్స్ గోల్ఫ్ జరిగిన కసుమిగసెకి క్లబ్బు 2017 దాకా ఆడవాళ్ళకి పూర్తి సభ్యత్వం ఇవ్వలేదు. 2021 ఆగస్టులో అక్కడే అదితి అశోక్ ఒక్క దెబ్బ తేడాతో పతకం పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచింది. ఆ నాలుగు రోజులూ ఆమె కర్రల సంచి మోసింది వాళ్ళమ్మ. టీవీలో అది చూసినప్పుడు నాకు గోల్ఫ్ ఓనమాలు తెలీవు. సంచి మోస్తున్న ఆ తల్లిని మాత్రం కన్నార్పకుండా చూశాను. ఎందుకో అప్పుడు ఆలోచించలేదు.

మూడో హోల్‌లో ఒక్క దెబ్బ కుదిరింది. సెవెన్ ఐరన్ అనే కర్ర. ఎప్పుడు ఎత్తానో ఎప్పుడు దించానో తెలీదు, చేతులకి ఏమీ తగిలినట్టే లేదు, బంతి మాత్రం ఎదురుగా బురుజుకేసి లేచి, ఆగి, మెల్లగా వాలింది. వొంట్లో ఎక్కడో కొత్త గది తలుపు తెరుచుకున్నట్టుంది. ముప్పై ఆరేళ్ళ వొంటిని ఇన్నాళ్ళూ నేను బస్సుల్లోనూ లైబ్రరీల్లోనూ ముడిచిపెట్టుకునే తిరిగాను. స్త్రీ శరీరం మీద సెమినార్ పేపర్లు చదివానే గానీ, శరీరం పూర్తిగా తిరిగితే ఎలా ఉంటుందో తెలీదు. ఆ సుఖాన్ని దాచుకుంటే ఈ వ్యాసం దొంగదవుతుంది.

వాళ్ళని ఐదో హోల్ దగ్గర చూశాను. ఆరుగురు ఆడవాళ్ళు పచ్చికలో గొంతుక్కూర్చుని వరసగా ముందుకి జరుగుతున్నారు. చీరల మీద మగవాళ్ళ పాత పొడుగు చేతుల చొక్కాలు, తలలకి తువ్వాళ్ళు, పక్కన ప్లాస్టిక్ సంచులు. మా అమ్మ మా నాయన చొక్కా అట్లాగే వేసుకునేది, చేతుల గుండీలు కూడా పెట్టుకుని. నా చెవి ముందుగా పాట కోసం వెతికింది. పాట లేదు. ఒకామె సెల్‌ఫోన్ సన్నగా ఏదో సినిమా పాట పాడుతోంది.

మేం దగ్గరికొస్తుంటే కేడీ చెయ్యూపాడు. వాళ్ళు ఓ పక్కకి జరిగారు. జరిగారు గానీ లేవలేదు. కూర్చునే జరిగారు. నేను కొట్టాను. బంతి కర్ర చివర తగిలి అడ్డంగా కుడివైపుకి, సూటిగా వాళ్ళ మీదికే పోయింది. అలాంటప్పుడు 'ఫోర్' అని గట్టిగా అరవాలి. అది ఈ ఆటలో మొదటి మర్యాద, రేంజిలో ఆంటీ పదిసార్లు చెప్పారు. నా గొంతు పెగల్లేదు. అరిచింది కేడీ. బంతి ఓ పెద్దామెకి రెండు మూరల అవతల పడి ఎగిరి గడ్డిలోకి పోయింది. గోల్ఫ్ బంతి బరువు 46 గ్రాములకి మించదు, కానీ తలకి తగిలితే మనిషి బతకాలని లేదు. ఆమె మోచెయ్యి అడ్డం పెట్టుకుని, తీసి, మళ్ళీ గడ్డిలో చెయ్యి పెట్టింది.

పరిగెత్తుకుంటూ పోయాను. "తగిలిందా అమ్మా?"

"లే లే. గీడ పడ్డది. మేం ముట్టలేదు, సూడుండ్రి" అంది.

బంతిని ముట్టుకోలేదని నాకు సంజాయిషీ ఇస్తోంది! క్షమించమని అడిగాను. "మీరు కొత్తగ నేర్సుకుంటుండ్రా?" అని నవ్వింది, పక్కామె కూడా నవ్వింది. ఆ నవ్వులో చిన్నచూపేం లేదు, పొలంలోకి కొత్తగా వచ్చిన కోడల్ని చూసి నవ్వినట్టుంది. సంచిలోకి తొంగిచూశాను. తుంగ, దానితో పాటు ముదురు గరికె. ఐదేళ్ళ అలవాటు కదా, నోటిదాకా వచ్చేసింది: "ఏ ఊరు మీది?"

"కల్వకుర్తి దిక్కు" అని, నన్నడిగింది, "మీదేడ, మేడమ్?"

మా ఊరి నుంచి కల్వకుర్తికి బస్సులో అరగంట. నేను ఇంటర్ అక్కడే చదివాను. ఎడమ చేతికి తెల్ల గ్లవ్ ఉంది, చేతిలో అరువు కర్ర ఉంది.

"హైదరాబాదే" అన్నాను.

మిగిలిన హోల్స్ ఎలా ఆడానో చెప్పుకోదగ్గదేం లేదు. తొమ్మిది హోల్స్‌కి నాకు 71 దెబ్బలు, ఆంటీకి 52. తిరిగొస్తూ కార్లో ఆంటీ "భయపడ్డావు, మొదట్లో అందరికీ అవుతుంది" అన్నారు. ఆవిడ బంతి గురించి అన్నారు. 2017లో ఢిల్లీలో పేరున్న ఓ క్లబ్బులో, సంప్రదాయ దుస్తుల్లో వచ్చిన ఓ ఖాసీ స్త్రీని పనిమనిషిలా ఉందంటూ భోజనాల గదిలోంచి లేపేశారని పేపర్లలో వచ్చినప్పుడు నేను కోపంతో ఓ పేజీ రాశాను. నన్నెవరూ లేపలేదు. నేనే లేచి ఇవతలకొచ్చాను.

ఇది రెండోసారి. మొదటిసారి నా వైవాలో. నా థీసిస్‌లో పాటలు పాడినవాళ్ళ పేర్లు లేవు, వక్త 1, వక్త 2 అని అంకెలున్నాయి. పరిశోధన నీతి ప్రకారం అది సరైన పద్ధతే, తప్పు పట్టడానికి లేదు. వక్త 7: వయసు 52, చదువు లేదు, వ్యవసాయ కూలీ. అరవై మూడు పాటల్లో పద్నాలుగు ఆమెవే. పరీక్షకులుగా వచ్చిన మేడమ్ ఎంతో ఆదరంగా, "ఈ వక్త 7తో మీకంత సాన్నిహిత్యం ఎలా కుదిరింది? ఆ పాటల నాణ్యతే వేరుగా ఉంది" అని అడిగారు. "చాలా రోజులు ఫీల్డులో ఉన్నాను మేడమ్" అన్నాను. గదిలో అందరూ తలూపారు. వక్త 7 మా అమ్మ.

ఎందుకు చెప్పలేదని చాలాసార్లు అడుక్కున్నాను. పరిశోధకురాలి స్థానం అని నాలుగు పేజీల అధ్యాయం రాశాను. కులం రాశాను, వర్గం రాశాను, 'గ్రామీణ శ్రామిక నేపథ్యం' అని రాశాను. అన్నీ నామవాచకాలే. మా అమ్మ కైకిలికి పోయి తెచ్చిన డబ్బుల్తో నేను రికార్డర్ కొనుక్కున్నానని మాత్రం రాయలేదు. సొంత తల్లి పాటలైతే అది పరిశోధన ఎలా అవుతుంది అంటారని భయం ఒకటి. అంతకంటే కింద ఇంకో భయం ఉంది. ఆ గదిలో అప్పటిదాకా నేను వాళ్ళలో ఒకదాన్ని. ఇవతల వాళ్ళకీ అవతల వాళ్ళకీ మధ్య కందకం నాకు కనబడుతూనే ఉంది. నేను ఏ ఒడ్డున నిలబడ్డానో వాళ్ళకి తెలీకూడదనుకున్నాను.

వినాయక చవితి దగ్గరికొచ్చింది. మార్కెట్లో గరిక కట్టలు అమ్ముతున్నారు. ఊరికే ఈ గోల్ఫ్ గడ్డి ఏమిటా అని చదివితే విచిత్రం తెలిసింది. మనలాంటి వేడి దేశాల్లో గోల్ఫ్ కోర్సుల గ్రీన్ల మీద ఎక్కువగా పెంచేది బెర్ముడా గడ్డి. శాస్త్రీయ నామం సైనోడాన్ డాక్టిలాన్. అంటే గరికే! 1950, 60లలో అమెరికాలో జార్జియా రాష్ట్రపు టిఫ్టన్ అనే ఊళ్ళో మామూలు గరికని ఓ ఆఫ్రికా గరికతో సంకరం చేసి టిఫ్‌గ్రీన్, టిఫ్‌డ్వార్ఫ్ అనే సన్నరకాలు తీశారు. బాగా పొట్టిగా కోసినా బతుకుతాయి. దుక్కి దున్నినా, పీకినా, ఎండలో వేసినా చావని గడ్డి కనకే మా ఊళ్ళో గరికంటే రైతుకి హడలు. ఆ మొండితనమే ఇక్కడ గొప్ప గుణమైంది. గోల్ఫ్ పచ్చికలో ఈ మేలు గరిక మధ్య మామూలు గరిక మొలిస్తే అది కలుపు. పీకెయ్యాలి. ఆ పెద్దామె సంచిలో నేను చూసింది అదే అయ్యుండాలి. గరికలోంచి గరికని ఏరడం! వేళ్ళకి తెలియాలి తప్ప కళ్ళకి తెలిసే తేడా కాదు. నా థీసిస్‌లో 'కలుపు: పొలంలో అనవసరమైన మొక్క' అని ఓ నిర్వచనం ఉంది.

రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. గోల్ఫ్ సంగతి చెబితే "గదేం ఆట?" అంది. కర్రతో బంతిని కొట్టి దూరంగా ఉన్న గుంటలో వెయ్యడమని చెప్పాను. "మా సిన్నప్పటి సిర్రగోనె లెక్క" అంది. బంతి సంగతి చెప్పాను. ఆ పెద్దామె సంగతి చెప్పాను. కల్వకుర్తి అని కూడా చెప్పాను. నేను ఏమన్నానో చెప్పలేదు. అమ్మ కాసేపాగి, "అరవాలె గదనే, దెబ్బ తాకితే?" అంది. అంతే అంది.

తర్వాత ఏ ధైర్యమొచ్చిందో, థీసిస్ తీసి వక్త 7 పాటలు ఒక్కోటీ చదవడం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చదివి వినిపించలేదు. ఆమె పాడింది, నేను రాసుకున్నాను, అక్కడితో అయిపోయింది. మూడు పాటలు విని "మంచిగనే రాసినవు" అంది. నాలుగో పాటకి ఆపేసింది.

"గది గట్ల గాదు బిడ్డా. ఆకరి సరణం గాడ రాదు."

"నువ్వు అట్లాగే పాడినవమ్మా. టేప్ ఉంది."

"ఇంట్ల కూసోని పాడమంటే గట్ల పాడిన. మడిల ఒంగినప్పుడు ముందలి రెండే పాడుతం. సాలు అయినంక లేసి నడుము సాపు జేసుకుంటం సూడు, అప్పుడు పాడేది గది. గందుకే గది పెద్దగ గొంతెత్తుకోని ఉంటది. ఒంగి పాడితే ఊపిరి అందదు."

నేను పాటల్ని విషయాన్ని బట్టి విడదీశాను. పుట్టింటి పాటలు, అత్త మీది పాటలు, దొర మీది పాటలు. ఏ పాట వంగి పాడేదో, ఏది లేచి నిలబడి పాడేదో అడగాలని ఐదేళ్ళలో ఒక్కసారి కూడా తట్టలేదు.

"ఇంకేమన్నా తప్పులున్నయా?" అన్నాను.

"ఉన్నయేమో, సదువు" అంది. కాసేపటికి, "గా పాట నాది గాదు మల్ల, మా మేనత్తది. ఆమె పేరు రాసినవా?" అంది.

"పేర్లు ఎవరివీ రాయలేదమ్మా."

"నాది గూడనా?"

లైబ్రరీలో బైండు చేసి ఉన్న కాపీని ఇప్పుడు నేనేం చెయ్యలేను. నా కంప్యూటర్లో ఉన్న ఫైలు తెరిచి, పద్నాలుగు చోట్ల వక్త 7 తీసేసి, పక్కన అమ్మ పేరు పెట్టుకుంటూ పోయాను. నాలుగో పాట దగ్గర అమ్మమ్మ వైపు ఆ ముసలామె పేరు అమ్మ రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. సిగ్నల్ సరిగా లేదు.

"ఇంక ఎన్నున్నయి?" అంది.

"పది."

"పొద్దుగాల లేవాలె, రేపు కలుపుంది. గబగబ సదువు" అంది.